వాచీయా, బెల్టా, బీపీ మిషనా? ఒంటి లెక్కలన్నీ ఒకచోట చేర్చాలంటే ఏది కొనాలి

మా నాయనకు పదేళ్లుగా బీపీ. అమ్మకు షుగర్. నేను నెలకు రెండు సార్లయినా అలిపిరి మెట్లెక్కుతాను. ముగ్గురి అవసరాలూ వేరైనా, మూడేళ్ల కిందట ముగ్గురికీ ఒకే రకం వాచీ కొన్నాను. గుండె చప్పుడు, ఆక్సిజన్, బీపీ, నిద్ర, టెన్షన్, అన్నీ చూపిస్తుందని పెట్టె మీద ఉంది. నాయనకు అందులో బీపీ ఎప్పుడు చూసినా 122/80 చుట్టూనే ఉండేది. నెల తర్వాత డాక్టరు దగ్గర చూపిస్తే 156/94 వచ్చింది. ఇంటికొచ్చి ఆ వాచీని సొరకాయకు కట్టి చూశాను. నిమిషానికి 76 అని చూపించింది. ఆ వాచీని నమ్మి నాయన అప్పటికే రెండు వారాలుగా మాత్ర సగం చేసి వేసుకుంటున్నాడని ఆ రోజే తెలిసింది. ఎవరికీ అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బయోమెట్రిక్ అనగానే మన దగ్గర రేషన్ షాపులో వేలిముద్ర గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. నాడి, బీపీ, ఆక్సిజన్, షుగర్, నిద్ర, అడుగులు లాంటి ఒంటి కొలతలను రెండు మూడు సెన్సర్లతో తీసుకుని, ఒకచోట పెట్టి, అర్థం చేసుకోవడం గురించి.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీకు కావలసిన జవాబు ఏమిటో ఒక కాగితం మీద రాయండి. "నాయనకు ఈ మాత్ర సరిపోతోందా?", "అమ్మకు తెల్లవారుజామున షుగర్ పడిపోతోందా?", "మెట్లెక్కేటప్పుడు నేను ఎక్కడ ఆగాలి?" ఇలా ఉండాలి ప్రశ్న. "ఆరోగ్యం గమనించాలి" అని రాసుకుంటే ఏ పరికరమైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఒక రీడింగ్ మారితే మీరు చేసే పనిలో ఏదీ మారనప్పుడు ఆ సెన్సర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు.

రెండోది, ఆ పరికరం నిజంగా కొలుస్తోందా, లెక్కగట్టి ఊహిస్తోందా అన్నది. వాచీ వెనక పచ్చ దీపాలు ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, దాంతో తిరిగొచ్చే వెలుతురు కూడా మారుతుంది. ఆ మార్పులను లెక్కబెడితే నాడి వస్తుంది. ఇది కొలతే. గాఢనిద్ర ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం అలాంటి కొలత కాదు. ఆస్పత్రిలో నిద్ర పరీక్షకు తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు. వాచీ మీ కదలికనూ నాడినీ చూసి అంచనా కడుతుంది. కేలరీలు, ఒత్తిడి స్కోరు ఇంకా దూరపు లెక్కలు. అంచనా మీద అంచనా పేర్చేకొద్దీ తప్పు పెరుగుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది. అన్ని సెన్సర్ల గడియారాలూ కలవాలి. నాయన బీపీ పెరిగింది కాఫీ తర్వాతా, మాత్ర ముందా, రాత్రి నిద్ర లేనందుకా అన్నది టైము పక్కపక్కన ఉంటేనే తెలుస్తుంది. విడివిడిగా ఎంత కచ్చితమైన కొలతలైనా టైము లేకపోతే కలిపి చదవలేం.

డేటా బయటకు తీసుకునే వీలుందా? ఛార్జింగ్ ఎవరు పెడతారు? ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వాడతారా? ఇవి దుకాణంలోనే అడిగేయాలి. చందా కడితేనే పాత రీడింగులు చూపించే యాప్‌లూ ఉన్నాయి. మన ఒంటి లెక్కలు మనకే తాళం వేసి చూపించే పరికరాన్ని నేనైతే ఎవరికీ చెప్పను.

## అన్నీ ఒకే వాచీలో

మంచి కంపెనీ వాచీ దీర్ఘకాలపు ధోరణిని బాగా పట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పటి నాడి నెలనెలా ఎలా మారుతోంది, ఎన్ని గంటలు పడుకున్నాం, ఎంత నడిచాం అన్నవి. జ్వరం వచ్చే ముందు రోజు విశ్రాంతి నాడి పెరగడం నేను చాలాసార్లు చూశాను.

కొన్ని వాచీలలో ఈసీజీ కూడా ఉంటుంది. యాపిల్ 2018లో సిరీస్ 4తో దీన్ని తెచ్చింది. వాచీ పక్కనుండే గుండ్రటి మీట మీద వేలు పెట్టి 30 సెకన్లు కూర్చుంటే ఒక్క కోణం నుంచి గుండె విద్యుత్తును రాస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పడాన్ని పట్టుకోవడానికి అది పనికొస్తుంది. గుండెపోటును మాత్రం పట్టుకోలేదు. ఆస్పత్రిలో తీసే ఈసీజీ గుండెను పన్నెండు కోణాల నుంచి చూస్తుంది. ఛాతీలో నొప్పి వస్తే వాచీ వైపు చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

వాచీ బలహీనత కదలికలో బయటపడుతుంది. గాలిగోపురం వరకు ఉండే నిటారు మెట్లు ఎక్కుతూ ఒకసారి వాచీ, నాడి కొలవడానికి ఛాతీకి కట్టుకునే బెల్టు రెండూ పెట్టుకున్నాను. బెల్టు 148 చూపిస్తుంటే వాచీ 106 దగ్గర నిలబడిపోయింది. తర్వాత లెక్క చూస్తే నా అడుగులు నిమిషానికి దాదాపు అన్నే. చేయి ఊగే లయనే గుండె లయ అనుకుంది. పైగా అలసిపోయి కమ్మీ పట్టుకున్నప్పుడల్లా మణికట్టు వంగి, వాచీకీ చర్మానికీ మధ్య సందు పడింది. అలసట ఎక్కువైనప్పుడే, అంటే సరైన రీడింగ్ ఎక్కువ అవసరమైనప్పుడే, అది తప్పింది.

చేతికి పట్టీ బిగించకుండా వాచీ చెప్పే బీపీని మందుల నిర్ణయానికి వాడకండి. ఇలాంటి పరికరాలను బీపీ నిర్ధారణకు వాడొద్దని యూరప్ రక్తపోటు వైద్యుల సంఘం కూడా చెప్పింది. బీపీ చూపించే కొన్ని పెద్ద కంపెనీల వాచీలే, నాలుగు వారాలకోసారి మామూలు బీపీ మిషన్‌తో సరిచూసుకోమని అడుగుతాయి. ఇక సూది లేకుండా షుగర్ చెప్పే వాచీలు, ఉంగరాలు. చర్మం గుచ్చకుండా గ్లూకోజ్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఎవరు అమ్మజూపినా కొనకండి.

స్మార్ట్ రింగు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నిద్రలో వాచీ కంటే హాయిగా ఉంటుంది, వేలి నుంచి సంకేతం బాగా వస్తుంది. తెర ఉండదు. ఇంటిపనికీ, బరువులెత్తే పనికీ ఇబ్బంది.

## ఛాతీ బెల్టు

ఇది గుండె విద్యుత్తునే నేరుగా కొలుస్తుంది. ఫిన్లండ్ కంపెనీ పోలార్ 1982లో తీగల్లేని తొలి నాడి కొలిచే పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. అప్పటి నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు, మారాల్సిన అవసరమూ రాలేదు. చెమట పట్టినా, చేతులు ఊగినా లెక్క తప్పదు. ఒక కొట్టుకోవడానికీ మరోదానికీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లో కూడా ఇస్తుంది కాబట్టి, హెచ్‌ఆర్‌వీ అనే గుండె లయ తేడాను చూడాలనుకునేవారికి ఇదే సరైనది. బ్లూటూత్‌లో నాడికి ఉమ్మడి పద్ధతి ఉంది. అందుకే ఒక కంపెనీ బెల్టు మరో కంపెనీ యాప్‌లోనూ పనిచేస్తుంది. డేటాకు తాళం పడే భయం ఇందులో తక్కువ.

పెట్టుకునే ముందు పట్టీ లోపలి మెత్తలను నీళ్లతో తడపాలి. పొడిగా పెట్టుకుంటే మొదటి పది నిమిషాలు పిచ్చి రీడింగులు వస్తాయి. రోజంతా పెట్టుకునే వస్తువు కాదు, ముసలివాళ్లకు బిగుతుగా అనిపిస్తుంది.

మెట్లెక్కేవాళ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. మెట్లు తక్కువని చాలామంది శ్రీవారి మెట్టు సులువనుకుంటారు. కానీ తక్కువ దూరంలోనే ఎత్తంతా ఎక్కాలి కాబట్టి గుండె మీద భారం నిమిషనిమిషానికీ ఎక్కువ. అరవై దాటినవాళ్లు, బీపీ, షుగర్, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ 2024లో సూచించింది. బెల్టు కట్టుకున్నంత మాత్రాన ఆ సూచన మనకు వర్తించకుండా పోదు.

గుండె వేగం ఎంతవరకు పోవచ్చు అన్నదానికి అందరూ 220 నుంచి వయసు తీసేస్తారు. 48 ఏళ్లవారికి 172 వస్తుంది. 2001లో వచ్చిన మరో సూత్రం వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయమంటుంది. దాని ప్రకారం 174. రెండూ సగటు లెక్కలే. మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా మామూలే. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికైతే ఈ సూత్రాలు అసలు పనికిరావు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గించి పెడుతుంది. అందుకే నేను బెల్టుతో పాటు ఇంకో కొలత వాడతాను. గోవింద నామం గొంతు తెగకుండా పలకగలిగితే సరైన వేగం. "గో" దగ్గర ఊపిరి అందకపోతే అక్కడే కూర్చోవాలి. మాట్లాడగలిగే వేగాన్ని చూడమని వ్యాయామ వైద్యులూ చెబుతారు.

## విడివిడి మిషన్లు, ఒక నోటుపుస్తకం

పెద్దవాళ్లున్న ఇంటికి నా మొదటి ఓటు దీనికే. చేతికి పట్టీ కట్టే బీపీ మిషను, గ్లూకోమీటరు, వేలికి పెట్టే ఆక్సీమీటరు. మూడూ కలిపి మంచి వాచీ ఖరీదు కూడా కావు. ఇంట్లో వాడే బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు, థర్మామీటర్లు, నెబ్యులైజర్లు 2021 జనవరి 1 నుంచి మన దేశంలో మందుల చట్టం కిందకొచ్చాయి. ఆరోగ్యానికి అని చెప్పి అమ్మే మామూలు వాచీ మీద ఈ స్థాయి పరీక్ష ఉందనుకోకండి.

బీపీ మిషన్ కొనేటప్పుడు ధర కంటే ముందు పట్టీ కొలత చూడండి. మోచేతికీ భుజానికీ నడుమ టేపుతో చుట్టుకొలత తీసుకోండి. మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తుంది. మణికట్టు మిషన్ల కంటే పైచేతి మిషన్లే నయం.

చూసే పద్ధతి కూడా మిషనంత ముఖ్యం. అరగంట ముందు నుంచి కాఫీ, బీడీ, పని ఉండకూడదు. వీపు ఆనించి, కాళ్లు నేలకు మోపి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం. అలా ఏడు రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి, మిగిలినవాటి సగటు తీయాలి. ఇంట్లో ఆ సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ కింద లెక్క. ఆస్పత్రిలో చూసే 140/90 కంటే ఇది తక్కువ, ఎందుకంటే ఇంట్లో మనిషికి కంగారు తక్కువ. నాయన విషయంలో డాక్టరు చూసింది ఆ వారం పేజీనే. పక్కన మాత్ర వేసుకున్న టైము రాసి ఉండటంతో, పొద్దున మాత్రకు ముందే బీపీ పెరుగుతోందని ఆయనకు రెండు నిమిషాల్లో తెలిసింది.

గ్లూకోమీటరుతో మన చిత్తూరు వైపు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. మామిడికాలంలో పండు కోసిన చేతిని సరిగ్గా కడగకుండా వేలు గుచ్చితే, చర్మానికి అంటిన తీపి కూడా లెక్కలోకొస్తుంది. 140 ఉండాల్సింది 250 వచ్చి ఇల్లంతా టెన్షన్ పడుతుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి చూడండి. పరికరాల ప్రమాణం ప్రకారం 100 పైన రీడింగులకు 15 శాతం వరకు తేడా అనుమతించినదే. అంటే అసలుది 140 అయితే మీటరు 119 నుంచి 161 మధ్య ఏదైనా చూపొచ్చు. నిన్న 140, ఈరోజు 150 అని కంగారుపడి అన్నం మానేయడం అనవసరం.

ఆక్సీమీటరు పెట్టే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు. గోరింటాకు ముదురుగా ఉంటే మరో వేలు చూడండి. చల్లటి చేతిని ముందు రుద్ది వేడి చేయాలి. రంగు ఎక్కువున్న చర్మం మీద ఇవి ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపే ప్రమాదం ఉందని 2020లో అమెరికా ఆస్పత్రుల డేటాతో తేలింది. మనలో చాలామందికి సంబంధించిన విషయం ఇది. అనుమతి పొందిన పరికరం 90 చూపినా అసలుది 86 నుంచి 94 మధ్య ఉండొచ్చని ఎఫ్‌డీఏ చెబుతుంది. ఆయాసం కళ్ల ముందు కనిపిస్తుంటే "96 ఉంది కదా" అని ఇంట్లో ఉంచకండి. తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లే, ఆ ఎత్తులో ఆరోగ్యంగా ఉన్నవారి ఆక్సిజన్ పెద్దగా తగ్గదు. కొండపైన 88 వస్తే ఎత్తు మీద నెపం వేయొద్దు. చెయ్యి వేడి చేసి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే కొండపైనే ఉన్న అశ్విని ఆస్పత్రికి వెళ్లండి.

## గ్లూకోజ్ ప్యాచ్

పైచేతి వెనక అంటించే చిన్న బిళ్ల ఇది. దాని సన్నటి తీగ చర్మం కింద ద్రవంలో గ్లూకోజ్‌ను చూస్తుంది. రక్తంలో మార్పు అక్కడికి చేరడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది కాబట్టి, తిన్న వెంటనే గ్లూకోమీటరుతో పోల్చి "తప్పు చూపిస్తోంది" అనుకోవద్దు. ఒక ప్యాచ్ సాధారణంగా 14 రోజులు, ఖర్చు నాలుగైదు వేలు. ఏడాది పొడవునా అందరికీ అవసరం లేదు. ఇన్సులిన్ వేసుకునేవారికీ, రాత్రిపూట షుగర్ పడిపోతుందన్న అనుమానం ఉన్నవారికీ డాక్టరును అడిగి ఒకటి పెట్టించుకోవడం మేలు.

దీని అసలు ఉపయోగం మరో సెన్సర్ పక్కన పెట్టినప్పుడు తెలిసింది. అమ్మకు రెండు వారాలు పెట్టించాం. తిన్నవి నోటుబుక్కులో, నడక వాచీలో. రాగి సంగటైనా అన్నమైనా, తిన్నాక పావుగంట నడిచిన రోజుల్లో గీత మెత్తగా ఉంది. కూర్చున్న రోజుల్లో నిట్టనిలువుగా లేచింది. ప్యాచ్ ఒక్కటే ఉంటే తప్పంతా సంగటి మీద వేసేవాళ్లం. ఒక రాత్రి మాత్రం రెండింటికి 58 చూపించింది. అమ్మ ఆ చెయ్యి కింద పెట్టి పడుకుంది. ప్యాచ్ మీద బరువు పడితే అలా తప్పుగా తక్కువ చూపిస్తుంది. వేలు గుచ్చి చూస్తే 104. చాలామంది పెద్దవాళ్లకు రోజులో 70 శాతానికి పైగా సమయం 70 నుంచి 180 మధ్య ఉండాలన్నది గురి. వయసును బట్టి డాక్టరు దాన్ని మారుస్తారు.

## సొంతంగా కట్టుకునే కిట్టు

ఇది ఇంటికి కాదు, విద్యార్థులకు. ఐఐటీ తిరుపతి, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్న ఊరు కాబట్టి చెబుతున్నాను. ఏడీ 8232 అనే చిప్ ఈసీజీకి, మ్యాక్స్ 30102 అనే సెన్సర్ నాడికీ ఆక్సిజన్‌కూ, వాటిని చదవడానికి ఈఎస్‌పీ 32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. కొన్ని వందల్లోనే మొదలుపెట్టొచ్చు. సంకేతం కంపెనీ వడపోత లేకుండా మీ చేతికొస్తుంది, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

కష్టమంతా గడియారాలు కలపడంలోనే. బోర్డు గడియారం పది లక్షల్లో ఇరవై వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లు జరిగిపోతుంది. రెండు సెన్సర్ల మధ్య గుండె కొట్టుకునే సమయాన్ని పోల్చాలంటే అది చాలా పెద్ద తప్పు. ల్యాబ్ స్ట్రీమింగ్ లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అన్ని ప్రవాహాలనూ ఒకే టైముకు సర్దుతుంది. తర్వాత విశ్లేషణకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో న్యూరోకిట్ 2 అనే సాధనం ఉంది. అదేదీ కుదరకపోతే, మొదట్లోనూ చివర్లోనూ అన్ని సెన్సర్లనూ కలిపి మూడుసార్లు బల్లకు తట్టండి. కదలిక గీతల్లో ఆ మూడు పోట్లు చూసి జతచేయొచ్చు.

ఒంటికి తీగలు అంటించి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడపండి. స్నేహితుడి మీద ప్రయోగమైనా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. ప్రచురించాలనుకుంటే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి రోజే అడగాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | వాచీ | ఛాతీ బెల్టు | విడి మిషన్లు, పుస్తకం | గ్లూకోజ్ ప్యాచ్ | సొంత కిట్టు |
|---|---|---|---|---|---|
| దేనికి బాగుంటుంది | విశ్రాంతి నాడి, నిద్ర గంటలు, నడక | మెట్లు, పరుగు, హెచ్‌ఆర్‌వీ | బీపీ, షుగర్, మందుల నిర్ణయం | తిండికీ షుగర్‌కూ సంబంధం | చదువు, ప్రాజెక్టు |
| దేనికి వాడొద్దు | బీపీ, షుగర్ | రోజంతా గమనించడానికి | నిద్ర, పరుగు | క్షణాల్లో మారే షుగర్‌కు | వైద్య నిర్ణయాలకు |
| ఇంట్లో శ్రమ | ఛార్జింగ్ | తడపడం, కడగడం | రోజూ పది నిమిషాలు | రెండు వారాలకోసారి మార్చడం | చాలా ఎక్కువ |
| డేటా బయటకొస్తుందా | కంపెనీని బట్టి | సులువుగా | పుస్తకం మీ దగ్గరే | యాప్ రిపోర్టుగా | పూర్తిగా మీదే |
| డాక్టరుకు ఉపయోగం | కొంత | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | లేదు |

## ఎక్కడ కలపాలి

ఆండ్రాయిడ్ ఫోన్లలో వేర్వేరు యాప్‌ల రీడింగులను ఒకచోట చేర్చే హెల్త్ కనెక్ట్ ఉంది, ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్‌లోనే భాగం. డేటా ఫోన్‌లోనే ఉంటుంది, ఏ యాప్ ఏది చదవాలో మీరే ఒక్కొక్కటిగా ఒప్పుకోవాలి. ఐఫోన్‌లో హెల్త్ యాప్ 2014 నుంచి ఇదే పని చేస్తోంది. రెండింటిలోనూ మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది. వాచీ అడుగులు, ఫోన్ అడుగులు రెండూ వస్తుంటే ఏది ముందో సెట్టింగ్స్‌లో చెప్పండి. లేకపోతే ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నెల తర్వాత మీకే అర్థం కాదు. బ్లూటూత్ లేని మిషన్ల రీడింగులు చేత్తో ఎక్కించొచ్చు.

అంత ఓపిక లేకపోతే నోటుబుక్కు చాలు. తేదీ, టైము, రీడింగు, పక్కన ఒక మాట. "నిద్ర లేదు", "పెళ్లి భోజనం", "మాత్ర మరిచాను". ఈ చివరి గడి ఏ సెన్సరూ నింపలేదు. మొత్తం పట్టికలో డాక్టరు ఎక్కువసేపు చదివేది దాన్నే.

## ఎవరికి ఏది

బీపీ, షుగర్ ఉన్న తల్లిదండ్రులకు విడి మిషన్లు, పుస్తకం. మిగిలిన డబ్బుంటే వాచీ, కాని అది నడకకు మాత్రమే.

బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి తిరుపతిలో, చిత్తూరులో ఉన్న అమ్మానాన్నల రీడింగులు ఫోన్‌లో చూడాలనుకునే పిల్లలకు బ్లూటూత్ బీపీ మిషన్ అనుకూలం. ముందు వాళ్లను అడగండి. నిద్ర, నడక, గుండె వేగం అన్నీ కొడుకు చూస్తున్నాడని తెలిస్తే కొందరికి ధైర్యం, కొందరికి నిఘా. మా పక్కింటి పెద్దాయన కొడుకు రోజూ ఫోన్ చేసి "నిన్న రాత్రి మూడింటికి ఎందుకు లేచారు" అని అడుగుతుంటే వాచీ తీసి బీరువాలో పెట్టేశాడు. ఏవి పంచుకోవాలో పెద్దవాళ్లే ఎంచుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా ఒప్పుకోలు గురించే మాట్లాడుతుంది. ఇంట్లో ఆ గౌరవం చట్టం కంటే ముందే ఉండాలి.

పోలీసు ఉద్యోగాలకు 1,600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలకు బెల్టు ఒక్కటే చాలు. పరుగు ఆపిన నిమిషానికి నాడి ఎంత తగ్గింది అన్నది వారం వారం రాసుకోండి. మెట్లెక్కేవారికీ అదే. శ్రీవారి మెట్టుకైనా, అలిపిరికైనా మొదటి మూడుసార్లు వేగం పెంచకుండా ఎక్కి, మీ మామూలు అంకె ఏమిటో తెలుసుకోండి.

## కొన్న మొదటి మూడు వారాలు

దుకాణంలోనే వాచీ పెట్టుకుని, మరో చేతి నాడిని వేళ్లతో 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. కూర్చున్నప్పుడే ఐదారు కంటే ఎక్కువ తేడా ఉంటే వద్దు. బీపీ మిషన్‌ను మొదటి వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆయన చూసిన వెంటనే మీదీ చూడండి.

మూడు వారాలు ఏ నిర్ణయమూ తీసుకోకుండా రాసుకుంటూ పోండి. మీ మామూలు ఏమిటో తెలిశాకే తేడా కనిపిస్తుంది. ఒక్క రోజు రీడింగును కాక వారం సగటును మరో వారం సగటుతో పోల్చండి. రెండు సెన్సర్లు గొడవపడితే నేరుగా కొలిచేదాన్ని నమ్మండి. నాడికి బెల్టు, బీపీకి పైచేతి పట్టీ, షుగర్‌కు వేలి చుక్క. ఆయాసం, చెమటలు, నొప్పి కళ్ల ముందు ఉన్నప్పుడు మాత్రం ఏ అంకె కోసమూ ఆగొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఆరున్నరకు నాయన కుర్చీలో కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చుంటాడు. అమ్మ పుస్తకం తెరిచి రెండు రీడింగులూ రాసి, పక్కన మాత్ర టైము వేస్తుంది. ఆ తర్వాతే కాఫీ.